గాలిమోటరు కాంటా

చెప్పులు విడిచి, తలపాగా మేకుకు తగిలించి, జేబులోని బీడీల కట్టా అగ్గిపెట్టే తీసి కిటికీలో పెట్టి ఐలన్న కాంటా ఎక్కాడు. రోజూ ఎక్కినట్టే ముందు కుడికాలు పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. చెయ్యి చాచి, అంకెలు చెక్కిన ఇత్తడి పట్టీ మీద గుండును యాభై రెండు దగ్గర ఆపాడు. పట్టీ కొన దభీమని కిందికి వాలింది. గుండును వెనక్కి జరుపుతూ పోయాడు. యాభై, నలభై ఆరు, నలభై మూడు. నలభై ఒకటి దగ్గర ముల్లు నడిమధ్యన నిలిచింది.

నిన్నటి కంటే అరకిలో తక్కువ.

దిగి, వంగి, గుండు అడుగున ఉన్న మరమేకును చూశాడు. దొంగతనంగా సీసం పొయ్యాలంటే ఆ మేకు విప్పాల్సిందే. అందుకే దానికి నల్లదారం చుట్టి, పైన లక్క కరిగించి, తన బొటనవేలు అచ్చు వేసి పెట్టుకున్నాడు. దారం తెగలేదు. లక్క మీద వేలిముద్ర వేసినది వేసినట్టే ఉంది. ఈ పని చేస్తున్నవాడు ఎవడోగానీ మామూలువాడు కాదనుకున్నాడు ఐలన్న. లక్క చెక్కుచెదరకుండా సీసం పోసే విద్య ఎక్కడ నేర్చాడో.

రేకుల షెడ్డు బయట చలి ఇంకా విడవలేదు. మొరం పరిచిన రన్‌వే చివర తాటిచెట్లు మంచులో సగమే కనిపిస్తున్నాయి. ఇటు చివర, మంజీరా ఎయిర్ సర్వీసు వారికి మిగిలిన ఒకే ఒక డకోటా విమానం ముక్కు పైకెత్తి నిలబడి ఉంది. దాని పొట్ట మీద కంపెనీ పేరు సగం చెరిపేశారు. కలకత్తా వాళ్లెవరో కొనుక్కున్నారు. ఈరోజు పదకొండింటికి ఆఖరిసారిగా రాజమండ్రికి మనుషులను తీసుకుపోయి, అక్కడ దించి, అటునుంచి అటే కలకత్తా వెళ్లిపోతుంది. కాంటాను పటాన్‌చెరు దగ్గర కొత్తగా పెట్టిన మందుల ఫ్యాక్టరీకి ఇచ్చేశారు. ఇచ్చే ముందు ముద్ర పడాలి కనుక తూనికల ఆఫీసరు కూడా ఈరోజే వస్తున్నాడు.

ఐలన్న ఆ ఆఫీసరు కోసమే ఎదురుచూస్తున్నాడు. ఏడాదిన్నరగా తన కాంటాలో వేలు పెట్టిన దొంగ ఎవడో సర్కారు మనిషి ఎదుటనే తేలిపోవాలి. ఉద్యోగం ఎలాగూ ఈ రోజుతో సరి. మాట మిగిలితే చాలు. ఐలన్న తూచింది తప్పని ఇన్నేళ్లలో అన్నవాడు లేడు, అనకూడదు.

అనుమానం ఐలన్నకు తల్లి పాలతో రాలేదు, సదాశివపేట గంజ్‌లో వచ్చింది. పదిహేనేళ్ల వయసు నుంచి అక్కడ బెల్లం, పత్తి, మిరపకాయలు తూచాడు. పత్తి బోరెంలో నీళ్లు చల్లేవాళ్లు, బెల్లం బుట్ట అడుగున రాయి పెట్టేవాళ్లు, తూచేటప్పుడు కాలి బొటనవేలితో పళ్లెం నొక్కేవాళ్లు, అందరినీ చూశాడు. మొహం చూసి బరువు చెప్పేవాడు, బరువు చూసి మనిషిని చెప్పేవాడు. ఒకసారి భీమవరం వైపు నుంచి వచ్చిన నరసరాజు అనే ఆయన ఆ గంజ్‌లో నిలబడి, ఐలన్న ఒక పత్తి బోరెం పక్కన పెట్టించి విప్పించి అందులోంచి ఇసుక మూట తీయించడం చూశాడు. ఆ సాయంత్రమే పిలిచి, మనుషులను తూస్తావా అని అడిగాడు. ఐలన్న ముందు ఆ మాటనూ అనుమానించాడు. మనుషులను ఎవరు కొంటారు?

అది అరవై నాలుగో సంవత్సరం. రామచంద్రాపురం దగ్గర పెద్ద కార్ఖానా లేస్తున్న రోజులు. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఉద్యోగాలకు దిగుతున్నాయి. వాళ్లకు ఊరి మీద బెంగ ఎక్కువ, రైలు ప్రయాణం ఒక పూటతో తెమలదు. నరసరాజు పొలం అమ్మి, యుద్ధంలో వాడేసి మూలన పడేసిన రెండు డకోటాలు కొన్నాడు. ముత్తంగి అవతల పశువులు మేసే మిట్ట నేలను కౌలుకు తీసుకుని చదును చేయించాడు. వేళల పట్టిక వేసుకుని తిరిగే హక్కు సర్కారు విమానాలకేనట, వీళ్లు మాత్రం నిండినప్పుడు ఎగరాలి. మొదటి రోజు ముక్కుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడితే, చిట్కుల్, ఇస్నాపూర్ జనమంతా సద్ది మూటలు కట్టుకుని వచ్చి గాలిమోటరును చూశారు. అది తాటిచెట్ల మీదుగా లేచిపోతుంటే ఐలన్నకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకుని తుడుచుకున్నాడు.

రన్‌వే పొట్టిది, ఇంజన్లు పాతవి. బరువు మించితే ఆ తాటిచెట్లు దాటదు. అందుకని ప్రతి మనిషినీ సామానుతో సహా తూచాలి. అక్కడే వచ్చింది తంటా. బతికున్న మనిషిని తూస్తే దిష్టి తగులుతుందని ఇటువాళ్లకూ భయమే, అటువాళ్లకూ భయమే. కొందరు ఆడవాళ్లు దిగగానే కాంటా మీద చిటికెడు ఉప్పు చల్లి పోయేవాళ్లు. ఐలన్న ఆ ఉప్పు ఊడ్చి మళ్లీ తూచేవాడు. చీర కుచ్చిళ్లలో ఇత్తడి చెంబులు, పైపంచెలో చుట్టిన ఆవకాయ జాడీలు, ఒకావిడ అయితే చంకలో పొత్రం, అన్నీ పట్టుకున్నాడు. ప్రయాణికులు గొణిగేవాళ్లు. నరసరాజు మాత్రం ఐలన్న ఇచ్చిన చీటీ చూడనిదే ఇంజను తిప్పేవాడు కాడు. పదేళ్లలో బరువు వల్ల ఒక్క ప్రమాదం జరగలేదంటే అది ఐలన్న వల్లనే.

మంచి రోజులు అయిదేళ్లే. అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం గొడవలు వచ్చినప్పుడు ఇక్కడినుంచి పోయే విమానాలు కిక్కిరిసి పోయాయి, వచ్చేటప్పుడు ఖాళీగా వచ్చాయి. డెబ్బై ఒకటి వానల్లో రెండో డకోటా అటువైపు దిగుతూ జారి వరిమడిలో ముక్కు దించింది. ఎవరికీ ఏమీ కాలేదుగానీ విమానం మళ్లీ లేవలేదు. దాని భాగాలు ఒక్కొక్కటే విప్పి మొదటిదానికి బిగించారు. కాంటాను సరిచూసుకునే ఇనుప రాళ్లు ఆరోజు బరువు సరిపెట్టడానికి దాని తోకలో పెట్టి ఉన్నాయి. అవి బురదలో పోయాయి. కొత్తవి తెప్పించమని ఐలన్న మేనేజరు వెంకటరామయ్యను నాలుగుసార్లు అడిగాడు. ఆయన నాలుగుసార్లూ సరేనన్నాడు.

అప్పుడే ఐలన్నకు ఆ ఆలోచన వచ్చింది. తన బరువు యాభై రెండు కిలోలు. మొదటి రోజు నరసరాజు ఎదుట తూగిన బరువు అది, ఏడేళ్లుగా పావు కిలో తేడా లేదు. రోజూ ఒకటే తిండి, ఒకటే నడక. ఇనుప రాయి పోతే ఏమైంది, తనే రాయి. రోజూ పొద్దున తనే ఎక్కి చూసుకుంటే సరిపోయె.

ఏడాదిన్నర కింద ఒక పొద్దున కాంటా యాభై చూపించింది. పళ్లెం మీద తక్కువ చూపిస్తే ఎవరికి లాభం? విమానంలో ఎక్కువమందిని కుక్కాలనుకునేవాళ్లకు. టిక్కెట్ల అమ్మకాలు పడిపోతున్నాయి, అప్పుడే విమానంలో పోసే నూనె ధర మండిపోతోంది. వెంకటరామయ్య కావచ్చు. నరసరాజే కావచ్చు. తాటిచెట్లకు తగిలి ఇరవై రెండు ప్రాణాలు పోతే రేపు అడిగేది ఎవరిని? తూచినవాడిని. ఐలన్న ఎవరికీ చెప్పలేదు. చెబితే దొంగ జాగ్రత్త పడతాడు. కాంటా ఎంత తింటోందో అంత, ప్రతి మనిషి చీటీ మీద తనే కలిపి రాయడం మొదలుపెట్టాడు. ముందు రెండు కిలోలు. తర్వాత అయిదు. తర్వాత ఎనిమిది. మనుషులు మిగిలిపోవడం మొదలైంది. టిక్కెట్టు చేతిలో ఉన్నా విమానం నోటి దగ్గరినుంచి వెనక్కి పంపుతారన్న పేరు కాలనీల్లో పాకింది. విసిగినవాళ్లు రైలు దారి పట్టారు.

తనకేమీ కాలేదనడానికి ఐలన్న దగ్గర గట్టి సాక్ష్యం ఉంది. నడుముకు కంపెనీ వాళ్లిచ్చిన తోలు బెల్టు. మొదటి రోజు మూడో చిల్లుకు పెట్టాడు, ఈ పొద్దున కూడా మూడో చిల్లుకే పెట్టుకున్నాడు. ఖాకీ చొక్కా ఒంటికి అప్పుడెలా అతికిందో ఇప్పుడూ అలాగే అతికి ఉంది. ఊళ్లోవాళ్లు ఒకరిద్దరు ఏంది ఐలన్నా గట్ల గుంజుకపోయినవ్ అన్నారు. వాళ్ల మాట వెనక ఏముందోనని ఆ వీధి వెంట నడవడం మానేశాడు. వెంకటరామయ్య ఒకసారి డాక్టరుకు చూపించుకోమన్నాడు. తనను పంపేసి తన మనిషిని పెట్టుకోవడానికి వేసిన ఎత్తు అది, ఐలన్నకు తెలియదా? అన్నం సయించకపోతే రేషను బియ్యాన్ని అనుమానించాడు, ఆ తర్వాత వండిన పెళ్లాం సత్తెమ్మను.

ఎనిమిదిన్నరకల్లా ప్రయాణికులు వచ్చారు. ఇరవై రెండు మంది. ఐలన్న ఒక్కొక్కరినీ ఎక్కించాడు, గుండు జరిపాడు, చూసిన అంకెకు పదకొండు కలిపి చీటీ రాశాడు. మొత్తం కూడితే నలుగురు ఎక్కువయ్యారు. చివర టిక్కెట్టు తీసుకున్నవాళ్లు ఆగిపోవాలని ఆనవాయితీ. ఆ నలుగురిలో కనకమహాలక్ష్మి ఉంది.

ఆమెను ఐలన్న ఎరుగును. కార్ఖానాలో ఫోర్‌మన్ భార్య, నలభై ఏళ్ల సన్నటి మనిషి. పోయిన ఏడాది ఇవే రోజుల్లో, తల్లికి బాగా లేదని తంతి వస్తే పరుగున వచ్చింది. ఆరోజు కూడా చివరి టిక్కెట్టు ఆమెదే. ఐలన్న ఆగమన్నాడు. నేనంత బరువు లేను బాబూ, మళ్లీ చూడు అని బతిమాలింది. బతిమాలేవాళ్లందరిలోనూ ఏదో దాచినవాళ్లు ఉంటారని ఐలన్న లెక్క. రైల్లో పోయేసరికి తల్లి లేదని తర్వాత తెలిసింది. పాపం అనిపించిందిగానీ, విమానం క్షేమంగా దిగింది కదా అనుకున్నాడు.

ఈరోజు ఆమె బతిమాలలేదు. చేతిసంచి నేల మీద పెట్టి, ఐలన్న చేతిలోని చీటీని, కాంటాను చూసింది.

"ఎల్లుండి మా అమ్మ సంవత్సరికం. ఈసారి కూడానా?" అంది.

ఐలన్న తలవంచుకుని మరో చీటీ రాసుకున్నాడు. నలుగురూ వెళ్లి షెడ్డు పక్కన తుమ్మచెట్టు కింద తమ పెట్టెల మీద కూర్చున్నారు.

పదింటికి తూనికల ఆఫీసరు జీపులో వచ్చాడు. చెక్కపెట్టెలోంచి సర్కారు ముద్ర ఉన్న ఇనుప రాళ్లు దింపించాడు, ఇరవైవి రెండు, పదిది ఒకటి. ఐలన్న ఆ ముద్రలను వేలితో తడిమి చూశాడు. వెంకటరామయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. ఐలన్న ఆయన మొహం మీదినుంచి కళ్లు తిప్పలేదు. దొంగయితే ఇప్పుడు చెమట పట్టాలి.

ఆఫీసరు మూడు రాళ్లూ పళ్లెం మీద పెట్టి గుండును యాభై దగ్గరికి జరిపాడు. ముల్లు రెండుసార్లు ఊగి నడిమధ్యన నిలిచింది.

మళ్లీ చూడమన్నాడు ఐలన్న. ఆఫీసరు ఓపిక ఉన్నవాడు. ఇరవై పెట్టాడు, ఇరవై. ముప్పై పెట్టాడు, ముప్పై. పోయిన వారం ఆసుపత్రిలో తన బరువు అరవై నాలుగు ఉందంటూ తనే ఎక్కి నిలబడ్డాడు. అరవై నాలుగు. మంచి కాంటా, బాగా చూసుకున్నావు అని మెచ్చుకుని, ముద్ర వేయడానికి సుత్తి తీశాడు.

"జెర ఆగున్రి సార్," అన్నాడు ఐలన్న.

చెప్పులు విడిచాడు. కుడికాలు ముందు పెట్టి ఎక్కాడు. ఈసారి గుండును తను ముట్టుకోలేదు, ఆఫీసరునే జరపమన్నాడు. ఆఫీసరు అంకె చదివి, ఒకసారి ఐలన్నను కింది నుంచి మీది దాకా చూసి, మెల్లగా చెప్పాడు. నలభై ఒకటి.

ఐలన్న కాంటా మీదనే నిలబడిపోయాడు. గుండును అనుమానించాడు, దారాన్ని, లక్కను, మేనేజరును, యజమానిని, బియ్యాన్ని, పెళ్లాన్ని అనుమానించాడు. ఇందరిలో అనుమానించకుండా వదిలేసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. చెయ్యి దానంతట అదే నడుము మీదికి పోయింది. మూడో చిల్లు. మరి మూడో చిల్లు ఎట్లా? బెల్టు విప్పి తిరగేశాడు. బకిలు వెనక తోలు కొత్తగా కోసి, మడిచి, కుట్టి ఉంది. నీలం దారం. సత్తెమ్మ బొంతలు కుట్టే దారం. కుట్టు పక్కనే పాత కుట్ల చిల్లులు ఒకటి కాదు, వరసగా ఉన్నాయి. చొక్కా పక్క కుట్లు కూడా తడుముకుని చూసుకున్నాడు. అక్కడా అదే దారం.

బెల్టు చేతిలోనే పట్టుకుని, జారుతున్న నిక్కరును ఇంకో చేత్తో ఎత్తి పట్టుకుని, చెప్పులు కూడా మరిచిపోయి విమానం దాకా నడిచాడు. నరసరాజు రెక్క కింద నిలబడి టైర్లు చూసుకుంటున్నాడు. జుట్టు నెరిసిపోయింది ఆయనకు కూడా.

"సారూ, ఆ నలుగురిని ఎక్కించుకోన్రి. వాళ్ల బరువు ఎక్కువ లేదు. మనిషికి పదకొండు కిలోలు నేను కలిపిన. ఏడాదిన్నర సంది కలుపుతున్న. కాంటా తక్కువ చూపిస్తుందనుకున్న. తక్కువైంది నేను."

నరసరాజుకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఐలన్న చేతిలోని బెల్టును, ఎత్తి పట్టుకున్న నిక్కరును చూశాడు.

"నన్నొక్క మాట అడగలేకపోయావా ఐలన్నా?"

"మీ మీద గూడ అనుమానమే ఉండె."

"నా మీదా?"

"ఎక్కువ మీ మీదనే సారూ."

నరసరాజు నవ్వాడు, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఎంతమందిని ఆపేసి ఉంటావని అడిగాడు. ఆ మిగిలిపోయినవాళ్లు ఎక్కి ఉంటే కంపెనీ నిలిచేదా అని ఐలన్న అడిగాడు. నరసరాజు తాటిచెట్ల వైపు చూసి, నిలిచేది కాదులే అన్నాడు. అది నిజమో, తన కోసం అన్నాడో ఐలన్నకు తేలలేదు. పదేళ్లలో మొదటిసారి, తేల్చుకోవాలని కూడా అనిపించలేదు.

నలుగురినీ పిలిచారు. కనకమహాలక్ష్మి అందరికంటే చివర వచ్చింది. మెట్ల దగ్గర ఐలన్న అడ్డంగా నిలబడ్డాడు.

"పోయినేడు గూడ నువ్వు అంత బరువు లేవమ్మా. తప్పు నాదే."

ఆమె సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది.

"ఆ రోజు సాయంత్రం దాకా అమ్మ ఉందిట ఐలన్నా. వాకిలి వైపే చూస్తూ పడుకుందిట," అంది. అని మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయింది.

ఇరవై రెండు మందితో డకోటా మొరం మీద దుమ్ము లేపుకుంటూ పరుగెత్తింది. తాటిచెట్లను అలవోకగా దాటింది, వాటి మట్టలు కూడా కదలలేదు. ఐలన్న అది కనిపించినంతసేపు చూశాడు. ఈసారి కళ్లు తుడుచుకోలేదు, ఎవరైనా చూస్తారని కూడా చూసుకోలేదు.

చిట్కుల్‌లో ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. సత్తెమ్మ అరుగు మీద చాటలో బియ్యం ఏరుతోంది. ఐలన్న పక్కన కూర్చుని బెల్టును ఇద్దరి మధ్యా పెట్టాడు. ఆమె దాన్ని చూసి, రాళ్లు ఏరడం ఆపలేదు.

"ఎన్నిసార్లు కోసినవ్?" అన్నాడు.

"నాలుగు సార్లు."

"నాకు చెప్పకపోతివి."

"చెప్తె నమ్ముదువా? నేనే అన్నంల ఏమన్న పెడుతున్ననందువు."

ఐలన్న ఆలోచించి చూసుకున్నాడు. ఆమె అన్నది అబద్ధం కాదు.

"అందును," అన్నాడు.

సత్తెమ్మ చాట కింద పెట్టింది. తనకైతే ఆ కాంటా మీదే అనుమానమని చెప్పింది. రోజూ పొద్దున పాణాన్ని తూచుకుంటే ఎవరికైనా తరిగిపోదా అని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదని, బట్టలు వదులైతే నలుగురూ చూస్తారని, నలుగురు చూస్తే దిష్టి ఇంకా పెరుగుతుందని, అందుకే అతను స్నానానికి పోయినప్పుడల్లా కుట్టేదాన్నని చెప్పింది. చెబుతూ చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఐలన్న ఆమె చేతిని తీసి, చాటలో ఆమె ఏరుతున్న చోటునుంచి తనూ ఏరడం మొదలుపెట్టాడు. ఆ పూట ఏ వాసనా చూడకుండా, ఏ మాటా అనకుండా ఆమె పెట్టిన అన్నం రెండు ముద్దలు తిన్నాడు.

మర్నాడు సంగారెడ్డి ఆసుపత్రిలో చేర్చారు. జబ్బు చాలా దూరం పోయిందని, ఏడాది ముందు తెచ్చి ఉంటే వేరే సంగతని డాక్టరు చెప్పాడు. వార్డులో బరువు చూసే కాంటా ఉందిగానీ ఐలన్న దాని వైపు చూడలేదు. ఇచ్చిన మందు ఏమిటని అడగలేదు. తొమ్మిదో రోజు పొద్దున, సత్తెమ్మ చాయ్ తెద్దామని వెళ్లి వచ్చేసరికి పోయాడు.

కాంటా మందుల ఫ్యాక్టరీకి చేరింది. రన్‌వే మీద ఆ వేసవిలోనే పశువులు మళ్లీ మేశాయి. సత్తెమ్మ ఖాకీ బట్టలు చాకలికి ఇచ్చేసింది, బెల్టు మాత్రం గోడ మేకుకు ఉండనిచ్చింది. దాని కింద గూట్లో, దారపుండలూ సూదులూ పెట్టుకునే రేకు డబ్బాలో, రెండేసి వేళ్ల వెడల్పున నాలుగు తోలు ముక్కలు ఉన్నాయి.